బ్లాకు పేరు: మనిషి

కాశీబుగ్గలో, మందుల షాపు మేడ మీద,
జీడిపప్పు ఫ్యాక్టరీకి ప్లాను గీస్తున్నాను.
పీలింగ్ గదిలో అరవై నాలుగు మంది.
లైబ్రరీలో మనిషి బ్లాకు ఉంది:
కుర్చీ, బూట్లు, ఎదర చిన్న బల్ల.
ఒకటి పెట్టి వరసలు పరిచేశాను.
రెండు నిమిషాల పని.

కొలతలకని వెళ్తే
అక్కడ కుర్చీల్లేవు.
గోనె మీద, ఒక కాలు మడిచి, ఒకటి చాపి,
ఒళ్లో చేటతో పొర ఒలుస్తున్నారు.
"రెండోది మడత పడదమ్మా" అంది దమయంతి.

రాత్రి బ్లాకు తెరిచి
కుర్చీ చెరిపాను, కాలు చాపాను.
సేవ్ నొక్కగానే
అరవై నాలుగు కాళ్లూ ఒక్కసారే చాపుకున్నాయి,
ముందు వరస వీపుల్లోకి,
గోడలోకి,
తలుపుకి అడ్డంగా.

షావుకారు తెర మీదికి వంగి చూశాడు.
"ఆ కాళ్లు తీసీయమ్మా, ఆరు వరసలూ పడిపోతాయి."

తియ్యలేదు.
గోడనే మూడడుగులు జరిపాను, కాగితం మీదే అనుకోండి.
కిటికీ పక్కనున్న ఒక్క బొమ్మని మాత్రం
ఎక్స్‌ప్లోడ్ చేసి, గీతలు విడదీసి,
చేటని ఇటువైపు తిప్పాను.
దమయంతిది ఎడమచేతి వాటం.

రేపు ఆయన ఇంకెవరిచేతో
బ్లాకు దిద్దించినా
ఆ ఒక్క కాలూ
చాపే ఉంటుంది.