ఒకటి తక్కువ

టార్టూలో గురువారం సాయంత్రాలు
చెప్పులు కుట్టే దుకాణం పైన, రెండో అంతస్తులో
ప్రోగ్రాములు రాసేవాళ్ళం కూడతాం.
గుమ్మం దగ్గర బూట్లు విప్పాలి.
ఆ సంగతి గోడ మీద రాసి ఉంది.
మిగతా నియమాలు ఎక్కడా రాసి లేవు,
తప్పాక తెలుస్తాయి.

అడిగే ముందు వెతకాలి.
వెతికానని చెప్పాలి, ఎక్కడ వెతికిందీ చెప్పాలి.
తెర మీది ఎర్ర అక్షరాల్ని ఫోటో తీసి తేకూడదు.
ఉత్తినే "పని చేయట్లేదు" అని
ఉర్మాస్ ముందు మాత్రం అస్సలు అనకూడదు.

జనవరిలో ఒకావిడ వచ్చింది, మారికా.
ఆసుపత్రి లాండ్రీలో పని. వేళ్ళ నిండా సబ్బు పగుళ్ళు.
ఒక మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు,
దాన్ని రెండో పాదంతో కప్పుకుని నిలబడింది.
దుప్పట్లు లెక్కపెట్టే ప్రోగ్రాం రాసుకుందట
తనంతట తనే, రాత్రి షిఫ్టుల్లో.
"అంతా బాగానే ఉంది గానీ
ఎప్పుడూ ఒకటి తక్కువ వస్తోంది.
నలభై వేస్తే ముప్ఫై తొమ్మిది.
ఆ ఒక్కటీ నేనే పట్టుకెళ్ళాననుకుంటారు."

ఎవరో నవ్వారు.
ఆవిడ్ని చూసి కాదు, ఆ తప్పుని చూసి.
యంత్రం సున్నా నుంచి లెక్కపెడుతుందన్నది
మాకెంత పాతబడిపోయిందంటే
దాన్ని ఒక రోజు, ఎవరి దగ్గరో నేర్చుకున్నామన్నదే
గుర్తు లేదు.

నేను తలెత్తలేదు.
"ముందు మాన్యువల్ చదవండి" అన్నాను.
దురుసుగా అనలేదు.
చాలాకాలం అదే నా వాదన.
"అండి" కూడా పెట్టాను కదా.

ఆవిడ నోటుబుక్కులో "మాన్యువల్" అని రాసుకుంది,
కింద గీత గీసింది, థాంక్స్ చెప్పింది.
బూట్ల లేసులు చాలా పొడుగు.
అవి కట్టుకున్నంతసేపూ గదిలో ఎవరం మాట్లాడలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక మాన్యువల్ తెరిచాను.
రాసింది ఎవరో కాదు, నేనే, పదకొండేళ్ళ కిందట.
సున్నా కోసం వెతికాను.
నాలుగో అధ్యాయంలో దొరికింది:
"ఇది అందరికీ తెలిసిందే కనుక..."
అక్కణ్ణించి వాక్యం ఇంకో సందులోకి తిరిగిపోయింది.

అందరూ అంటే ఎవరో లెక్కపెట్టి చూశాను.
ఒకటి తక్కువ వచ్చింది.

తెల్లారేలోగా ఆ పేజీ రాశాను.
రాశానని ఆవిడకి చెప్పలేదు,
అడ్రసు తెలియదన్నది సాకు.

మార్చిలో తనే వచ్చింది.
లెక్క ఎలా కుదిరిందో మేం అడగలేదు, ఆవిడ చెప్పలేదు.
చిల్లు మేజోళ్ళు పోయి ఆకుపచ్చ ఉన్నివి వచ్చాయి.
కిటికీ పక్క కుర్చీ ఆవిడదైపోయింది.
వేసవి దాటేసరికి
ఉర్మాస్ తన తప్పుల్ని ఆవిడకే చూపించుకునేవాడు.

నవంబరులో ఒక కుర్రాడు, యోనాతన్,
చలికి చెవులు కందిపోయి,
గుమ్మంలోంచే అనేశాడు:
"పని చేయట్లేదు."

మారికా తలెత్తలేదు.
"ముందు మాన్యువల్ చదవండి" అంది.

పదహారేళ్ళ పిల్లాడికి "అండి" ఎందుకు?
అయినా పెట్టింది. అదే విరుపు, అదే మెత్తదనం.
నా మాటే అది.
ఉతికి, గంజి పెట్టి, మడత నలగకుండా
పది నెలలు దాచింది.
అత్తా ఒకింటి కోడలే అంటారు గానీ
కోడలికి ఆ విద్య ఎవరు నేర్పుతారో
సామెత చెప్పదు.

వాడు బల్ల మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాడు.
నేను లేచి వెళ్ళి పక్కన కూర్చున్నాను.
కరిగిన మంచు నా మేజోళ్ళలోకి ఎక్కింది.
"ఏది పని చేయట్లేదు?" అనడిగాను.
గొంతు కొత్తగా ఉంది, నాకే.

వాడు ఫోన్ తీసి ఫోటో చూపించాడు.
ఎర్ర అక్షరాలు, సగం మసక,
ఒక మూల వాడి బొటనవేలు అడ్డం.
కళ్ళజోడు కోసం జేబులు తడుముకుంటుంటే
వెనకాల ఎవరిదో కుర్చీ కదిలిన చప్పుడు.
తిరిగి చూడలేదు.
వాడి ఒక బూటు కాలికి ఉంది,
ఇంకొకటి చేతిలోనే ఉంది.