ఎవరైనా, లేదా మిగిలినవారు

తొమ్మిదేళ్ళ వెయిటింగ్ లిస్టు తర్వాత
అయనావరం బ్రాంచి నుంచి ఫోనొచ్చింది,
చిన్న సైజు లాకరు ఖాళీ అయింది, కావాలా అని.

అక్క ముందు కొలతలడిగింది.
గిండీ ఎక్స్‌పోర్ట్ కంపెనీలో ముప్పై ఏళ్ళు
ఊరూ పేరూ తెలియని ఒళ్ళకి చొక్కాలు కత్తిరించిన మనిషి.
ఆ రాత్రి టైలరు సుద్దతో హాలు గచ్చు మీద
ఏడంగుళాల వెడల్పు, పంతొమ్మిదంగుళాల పొడవు గీసి
"ఇంతే జాగా. ఊఁ, ఒక్కొక్కటీ తే" అంది.

రెండు జతల గాజులు. ఓ మూలకి పోయాయి.
ఫ్లాటు దస్తావేజు మడిస్తేగాని పట్టలేదు,
అరవంలో నాన్న పేరు తప్పుగా పడ్డ కాగితం,
దిద్దిద్దామనుకుంటూనే ఇరవై ఏళ్ళు.
అమ్మ ముక్కుపుడక పెట్టాం, తీశాం, మళ్ళీ పెట్టాం.
నాన్న గొంతున్న పాత సెల్‌ఫోను నేనే తీసేశాను,
చీకట్లో బ్యాటరీ ఉబ్బుతుందట.

ఇంకా సగం ఖాళీ.
ఇన్నాళ్ళూ కిటికీకి రెండు గడియలు వేసి
ఒంటి కన్నుతో పడుకున్నది
ఈ కాస్తకేనా!

అప్పుడు అక్క చీరల అడుగు నుంచి
తాకట్టు చీటీ తీసింది. అమ్మ కాసులపేరుది.
గడువు దాటి, కాసులు కరిగి,
ఏ పిల్ల మెడలోనో ఇంకేదో అయిపోయుంటాయి.
షావుకారు సంతకం మాత్రం ఇంకా నీలంగా ఉంది.
"సరుకే లేదు, చీటీ ఎందుకక్కా?"
"పోయిందని ఎక్కడో ఒకచోట రాసుండాలిగా."
సరిగ్గా నడిమధ్యన పెట్టింది.

బ్యాంకులో కయల్విళి గారు ఫారం తిప్పి
వేలు పెట్టి చూపించారు:
ఇద్దరిలో ఎవరైనా, లేదా మిగిలినవారు.
మా ఇంట్లో మిగిలినవంటే
రాత్రి అన్నం, గిన్నెడు చారు,
బట్ట కత్తిరించాక పీలికలు.
ఆ మాట మనుషులకీ వాడతారని
నాకప్పటిదాకా తోచలేదు.
అక్క నా వంక చూడకుండా
చేతిసంచి జిప్పుతో కుస్తీ పడుతూ
"ముందు నువ్వు పెట్టు సంతకం" అంది.

ఆవిడ తాళంచెవి ఒకటి, మాది ఒకటి.
రెండూ తిరిగాక ఆవిడ బయటికెళ్ళిపోయింది.
ఇనుప గదిలో కలరా ఉండల వాసన.
చీటీ వెళ్ళింది, దాని మీద గాజులు, దస్తావేజు.
ముక్కుపుడక దగ్గరికొచ్చేసరికి
అక్క దాన్ని నా అరచేతిలో పెట్టి
వేళ్ళు మూసింది. కారణం చెప్పలేదు.

ఇంటికొచ్చాక పెద్ద చర్చ,
తాళంచెవి ఎక్కడ దాచాలని.
దేవుడి గూట్లో వద్దు, బీరువాలో అసలొద్దు.
చివరికి మెంతుల డబ్బాలో పడేశాం,
నిన్నటిదాకా గాజులున్న చోటే.

హాల్లో సుద్దగీత అలాగే ఉంది.
ఇద్దరం దాన్ని తొక్కకుండా
వంటింట్లోకీ బయటికీ తిరుగుతున్నాం.