రెండుసార్లు కట్టిన ఇల్లు

"ఇంటికి పోదాం, ఎలామ్" అంటుంది అమ్మ.
నేను ఎలామ్‌ని కాను.
ఎలామ్ ఆమె అన్న. ముప్ఫై ఏళ్ళ కింద
కాడ్ చేపల వల వెంట పోయాడు,
వల ఒక్కటే తిరిగొచ్చింది.

"ఇదే మనిల్లమ్మా" అంటాను.
నిజంగా ఇదే.
ఆమె పుట్టిన మంచం పైగదిలో ఉంది.
వంటింటి గుమ్మానికి పెన్సిలు గీతలున్నాయి:
ట్రిఫీనా, ఏడేళ్ళు. ట్రిఫీనా, తొమ్మిది.
పన్నెండు దాటాక గీత లేదు.

ఆ ఏడే న్యూఫౌండ్‌లాండ్ సర్కారువాళ్ళు వచ్చి
టర్ దీవిలో ఇక బడి ఉండదు, టపా పడవ రాదు,
తలా ఇంత తీసుకుని లేవండి అన్నారు.
ఊరు పోతే పోనీ, ఇల్లెందుకు వదలాలని
తాత దాన్ని పునాది రాళ్ళ మీంచి లేపి
కింద ఖాళీ నూనె పీపాలు బిగించి
పోటు చూసి నీళ్ళలోకి దింపాడు.
ఆరు మరపడవలు లాగాయి.
కిటికీ తెరలు కూడా తియ్యలేదు.
అమ్మమ్మ కప్పులు గూట్లోనే ఉన్నాయి.
ఒక్కటే పగిలింది,
అదీ ఒడ్డు చేరాక, పాదిరిగారి మోచెయ్యి తగిలి.

అలా తాత ఈ ఇంటిని రెండుసార్లు కట్టాడు:
ఒకసారి మేకులతో,
ఒకసారి తాళ్ళతో.

గోడ కాగితం మీద, మోకాలెత్తున, ఇంకా ఉప్పు చార.
అమ్మ దాన్ని వేలితో తడిమి
వేలు నాలిక్కి రాసుకుంటుంది.

అన్నీ ఉన్నాయి. కిటికీలో సముద్రమే వేరు.
అక్కడ పొద్దు వంటింట్లో పొడిచేది,
ఇక్కడ వంటింట్లో కుంకుతుంది.
సాయంత్రం నాలుగింటికి అమ్మ
తెల్లారిందని లేచి రొట్టెపిండి కలుపుతుంది.
డాక్టరమ్మ దానికేదో పేరు చెప్పింది.
నాకు గుర్తులేదు.

రాత్రయితే ఒకటే ప్రశ్న.
"ఇల్లు కట్టేశారా?"
"ఎప్పుడో కట్టాడు కదమ్మా, మీ నాన్న."
"అది కాదురా. కట్టేశారా?"

మొన్న విసుగొచ్చి
బట్టలారేసే తాడు తెచ్చి
అరుగు స్తంభాన్ని కంచె గుంజకు కట్టాను.
అమ్మ చలిలో నిలబడి ముడి పట్టి చూసింది.
"ఎవరు నేర్పారు నీకిది?"
నా పేరు తెలియని ఆ చేతులు
ముడి విప్పి మళ్ళీ వేశాయి,
చీకట్లో, రెప్పపాటులో.
హాయిగా పడుకుంది.

తెల్లారి చూస్తే తాడు విప్పి ఉంది.
గడప పక్కన, చుట్ట మీద చుట్ట,
పడవ మనుషులు పెట్టినట్టు.
అమ్మ కోటు వేసుకుని,
గుండీలన్నీ ఒక కాజా తప్పి,
వంటింటి బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని
గూట్లో కప్పుల వంకే చూస్తోంది.

"కూచో" అంది నాతో.
"కొండమూల తిరిగేటప్పుడు ఊగుతుంది."

ఎదురుగా కూచుని
బల్ల రెండో అంచు పట్టుకున్నాను.