ఎంగిలి విలువ

హల్ రేవు పక్కన, పాత చేపల గోదాము వెనక
ఒక తూముంది. దాని గేటుకి
నేను రాసిన ప్రోగ్రాము కాపలా.
నవంబరులో మూడుసార్లు, అర్ధరాత్రి దాటాక,
పోటు లేకుండానే గేటు పడింది.
"నీళ్ళేమో అక్కడ, నీ లెక్కేమో ఇక్కడ"
అన్నాడు క్లైవ్, టార్చి బురదలోకి తిప్పి.

నా బల్ల మీద మాత్రం బుద్ధిగా నడుస్తుంది.
ఏం జరుగుతోందో చూద్దామని ఒక ప్రింటు లైను పెడితే
తప్పు మాయం. తీసేస్తే ప్రత్యక్షం.
డాక్టరు గుమ్మం ఎక్కగానే తగ్గిపోయే పంటినొప్పి.

చివరికి వాల్‌గ్రైండ్ కింద నడిపాను.
నత్తనడక. ఒక్కో బైటునీ నిలబెట్టి అడుగుతుంది:
నిన్నెవరు రాశారు?
జవాబు లేనిదాన్ని పక్కవాడికిస్తే ఊరుకుంటుంది,
వాడు ఇంకోడికిచ్చినా ఊరుకుంటుంది.
దాన్ని నమ్మి
ఇలా అయితే అలా అని ఒక్క నిర్ణయం తీసుకున్నామా,
అప్పుడు కేకేస్తుంది.

నూటపద్నాలుగో లైను.
సెన్సారు పలికితే నీటిమట్టం రాసుకుంటాను.
పలక్కపోతే?
పలక్కపోతే అన్న మాటే నేను రాయలేదు.
ఖాళీ అనుకున్న చోట ఖాళీ లేదు,
అంతకుముందు కూర్చుని లేచిన ఫంక్షను
ఎత్తకుండా వదిలిన విస్తరి ఉంది.
గేటు ఆ ఎంగిలి తిని
వరదొచ్చిందనుకుంది.

"సున్నా పెట్టేస్తే పోలా" అంది ఇమోజెన్, కోటు తొడుక్కుంటూ.
పెట్టాను. వాల్‌గ్రైండ్ నోరు మూసుకుంది.
బస్సెక్కి టికెట్టు తీసుకున్నాక తట్టింది:
సున్నా అంటే నీళ్ళు లేవని.
నిజంగా పోటొచ్చిన రాత్రి సెన్సారు మూగబోతే
గేటు నోరు తెరుచుకుని నిలబడుతుంది,
క్లైవ్ వాళ్ళ వీధంతా నిద్రలో.
ఎంగిలైతే ఎప్పుడో ఒకప్పుడు కంపు కొడుతుంది.
కడిగిన అబద్ధానికి వాసన కూడా ఉండదు.

తర్వాతి స్టాపులో దిగి వానలో వెనక్కి నడిచాను.
సున్నా చెరిపి
తెలియదు అని చెప్పడం నేర్పాను దానికి.
వరసగా రెండుసార్లు తెలియకపోతే
క్లైవ్‌ని లేపమన్నాను.

వారం తిరక్కుండానే, తెల్లవారుజామున నాలుగింటికి
నా ఫోను మోగింది.
"తెలియదంటోంది నీ ప్రోగ్రాము" అన్నాడు, పళ్ళు వణుకుతూ.
"అవును" అన్నాను. "నిజమే చెబుతోంది."
కాసేపు గాలి చప్పుడు.
"సెన్సారు మీద పీత కూర్చునుంది.
తీసి నీళ్ళలో వేశాను.
ఇంక పడుకో."