నీ, మీ

జనవరి మంచులో, ఆఖరి పంటు మీద
దిగారు సఖినేటిపల్లి వాళ్లు,
చెప్పుల నిండా రేవు బురద.
నరసాపురం గుడి మెట్ల కింద విడిచి
ఎవరివి ఎవరివో తెలీకుండా కలిసిపోయాక
లోపలికొచ్చి మాత్రం
ఎవరి వాళ్లని వాళ్లు వెతుక్కుని కూర్చున్నారు.

ఆర్.సి.ఎం. వాళ్లు ఎడమ పక్క,
మోకాళ్లకి పీట లేదేమా అని చూసుకుంటూ.
బ్రదరెన్ ఆడవాళ్లు ముసుగు నుదుటిదాకా లాక్కుని.
పెంతెకొస్తు కుర్రాడొకడు కంజిర తెచ్చి,
ఎవరేమంటారోనని
మోగకుండా ఒళ్లో అదిమి పట్టుకున్నాడు.

నేను లూథరన్ని, వెనక బల్ల.
సంచిలో దారపుండ, లేసు సూది.
సగానికి సగం మంది ఆడవాళ్లం ఇదే పని;
పువ్వులు ఎవరింట్లో వాళ్లం అల్లితే
అతికేది ఇంకెవరో.
ఏజెంటు పువ్వులు లెక్కపెడతాడు, సంఘం అడగడు.

ఎడమ పక్క రెండో వరసలో పరంజ్యోతి పిన్ని,
వేళ్ల మధ్య జపమాల.
ఇన్నయ్యగారి మూడో అబ్బాయిని చేసుకున్న ఏడాది
సంఘం రిజిస్టర్లో ఆమె పేరు మీద
ఎర్ర సిరా గీత గీసింది మా నాన్నే.
రూలుకర్ర పెట్టి మరీ, తిన్నగా.

ప్రభువు ప్రార్థన అందరికీ వచ్చుగా, కలిసి చెబుదాం
అన్నారు తెయోఫిలు అయ్యగారు.
మొదటి వాక్యం బాగానే నడిచింది.
రెండోదానికి మేం ‘నీ’ అన్నాం, వాళ్లు ‘మీ’ అన్నారు.
గుడి అంతా ఒక్కసారి తడబడి
నవ్వాలో దగ్గాలో తెలీక ఆగింది.

దేవుణ్ణి నువ్వనేంత దగ్గర మనం, అనేవాడు నాన్న.
ఆయన పోయాక పిన్ని కబురంపింది, పాలవాడి చేత:
బావగారిని ఏనాడూ నువ్వనలేదు,
అంటే దూరమనా?

మళ్లీ మొదలెట్టాం.
మా ఆహారం, వాళ్ల అన్నం,
ఒకరు ముందు, ఒకరు వెనక,
పోటు మీద రెండు పడవల్లా.
ఋణాల దగ్గరికొచ్చేసరికి
నా నోటికి ‘అప్పులు’ అనే వచ్చింది,
పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి.
ఏజెంటు పుస్తకంలో నా పేరునున్నదీ అప్పే కదా,
ఋణమని ఎవడూ రాయలేదు.
పిన్ని వెనక్కి తిరిగి చూసింది.
దోమేదో కుట్టిందేమో మరి.

ఆదివారం మళ్లీ నాలుగు మైకులు
నాలుగు దిక్కుల నుంచీ దేవుణ్ణి పిలుస్తాయి, తెలుసు.
ఆ రాత్రి చీకట్లో తొడుక్కొచ్చిన చెప్పులు
తెల్లారి చూస్తే
ఎడమది నాది, కుడిది ఎవరిదో.
కాస్త వదులు.
అడగడానికి ఇంకా ఎవరూ రాలేదు.
నేనూ అదే వేసుకుని తిరుగుతున్నాను.