కొరుక్కుపేట గేటు దగ్గర

గూడ్సు బండి పోయేదాకా గేటు తెరవరు.
ఈ పక్క నేను, మైదా బంక బక్కెట్టుతో.
ఆ పక్క పెంచలయ్య, వెదురు నిచ్చెనతో.
మావాళ్ళు నిచ్చెన తేవడం మరిచారు,
వాళ్ళవాళ్ళు బంక ఉడికించడం మరిచారు.
రెండు వర్గాల తెలివీ కలిపితే
ఒక పోస్టరు అంటించొచ్చు.

పార్టీ ఒకటే, జెండా ఒకటే,
పోస్టరు పైన దండం పెట్టే పెద్దాయనా ఒక్కరే.
కింది మూలన, రేషన్ కార్డు ఫొటో అంత చోటులో
మా తగాదా మొత్తం.
వార్డు అధ్యక్ష పదవికి
నేను గజలక్ష్మక్క మనిషిని, అతను దామోదరం మనిషి.
ఆనవాలుకి మేము తువ్వాలు ఎడమ భుజాన వేసుకోవాలి,
వాళ్ళు కుడి భుజాన.
చెన్నై ఉక్కకి ఒకసారి మొహం తుడుచుకున్నాక
ఎవడు ఎటువాడో దేవుడికే తెలియాలి.

గేటు లేచింది.
"నిచ్చెన కావాలా?" అన్నాడు,
అప్పు ఇచ్చేవాడి గొంతుతో.
"బంక కావాలా?" అన్నాను,
నా గొంతూ ఏమంత మెత్తగా లేదు.

ఒప్పందం ఒక్కటే:
పేరు మీద పడినా ఫరవాలేదు, పదవి మీద పడినా సరే,
కళ్ళ మీద మాత్రం అంటించకూడదు.
ఏ నియమావళిలోనూ లేదది.
అర్ధరాత్రి దాటాక, దోమల మధ్య, మేమిద్దరం రాసుకున్నది.

ఇక్కడొక సంగతి దాచకూడదు.
ముందు రోజు మా కుర్రాడు నిత్యానందం
దామోదరం బొమ్మ కింద బొగ్గుతో
వాళ్ళమ్మ మీద ఒక మాట రాశాడు.
సగం తమిళంలో, సగం తెలుగులో,
పేటలో ఒక్కడికీ అర్థం కాకుండా పోకూడదని.
అందరికంటే ముందు నవ్వింది నేనే.

ఆ గోడ దగ్గరికే వచ్చాం.
నేను పైమెట్టు మీదున్నాను, ఒక చేతిలో కుంచె,
పళ్ళ మధ్య గజలక్ష్మక్క.
కింద పెంచలయ్య సెల్‌ఫోను లైటు వేశాడు,
చదివాడు.
అతనికి చదవడం నెమ్మది. అక్షరం తర్వాత అక్షరం.
ఒక్కో అక్షరానికీ నా కాళ్ళు
ఒక్కో మెట్టు పోగొట్టుకున్నాయి.
ఆ ముసలమ్మ ఇతనికి మేనత్త అని
నాకు అప్పుడు గుర్తొచ్చింది.

నిచ్చెన కదల్లేదు.

"ఇంకా ఎన్నున్నాయి?" అన్నాడు కింది నుంచి.
"ఆరు."
"కానీ. తెల్లారిపోతుంది."

నేను దిగాను.
తడి కుంచెతో ఆ మాటని రుద్దాను.
బొగ్గు పోలేదు, పాకింది.
దామోదరానికి నల్లటి గడ్డం మొలిచింది.
పెంచలయ్య తల పక్కకి వంచి చూసి
"ఇదే బావుంది, పెద్దరికం వచ్చింది" అన్నాడు.
క్షమించానని అనలేదు.
నేనూ అడగలేదు.

ఆదివారం కల్యాణ మండపంలో ఓటింగు.
నిన్నటి పెళ్ళి థర్మాకోల్ అక్షరాలు ఇంకా దించలేదు,
"శుభ వివాహం" కింద కూర్చుని లెక్కపెట్టారు.
పదకొండు ఓట్లతో ఓడిపోయాం.
గజలక్ష్మక్క వేదిక ఎక్కి
దామోదరం మెడలో దండ వేసింది, చెయ్యి వణికింది,
దండ చెవికి తగులుకుంది, తనే సర్దింది.
నిత్యానందం బయటికెళ్ళి బండికి కిక్కు మీద కిక్కు కొట్టాడు.
అది స్టార్టు కాలేదు.

సోమవారం కార్పొరేషన్ నోటీసు:
గోడలు శుభ్రం చెయ్యండి, లేదా జరిమానా కట్టండి.
గెలిచినవాళ్ళకీ ఓడినవాళ్ళకీ ఒకటే కాయితం.

మళ్ళీ అదే నిచ్చెన.
పదకొండు ఓట్లు ఇంకా నా గొంతులోనే అడ్డం పడున్నాయి.
ఇద్దరం టీ తాగలేదు,
తాగి ఉంటే చెప్పుకోవడానికి బావుండేది.
బంక మా అమ్మ ఉడికించిన బంక,
మైదాలో మైలుతుత్తం కలిపింది, ఊడి రాదు.
పెంచలయ్య పైకెక్కి గోకుతున్నాడు,
తడిసిన కాయితం ముక్కలు నా తల మీద రాలుతున్నాయి.
ఏ ముక్క ఎవరిదో చూడాలంటే
ఒక చెయ్యి వదలాలి.

వదల్లేదు.