మట్టితోనే తే

ఎర్రవంతెన దిగాక ఎడంచేతి వైపు
నాలుగు చక్రాల బండి, నీలం గొడుగు.
బజ్జీల నూకరత్నం అంటే ఎవరైనా చూపిస్తారు.
పదకొండేళ్ళు.
నూనె కాగిందో లేదో చప్పుడు విని చెప్పగలను.

ల్యాబు ప్రభుదాసు రోజూ ఆరింటికి వచ్చేవాడు.
బజ్జీ చీల్చి, ఉల్లిపాయ కూరి, నిమ్మకాయ పిండి,
పైన చారెడు కొత్తిమీర,
అదీ అతని వాటం.
ఎండాకాలంలో ఒక సాయంత్రం
"ఉత్త బజ్జీ చాలు, పైన ఏమీ వెయ్యకు" అన్నాడు.
మర్నాడూ అంతే. ఆ మర్నాడూ.

నాకెక్కడో కలుక్కుమంది.
నా చేతిమీద అనుమానమా?
డబ్బుల చెయ్యి వేరు, వడ్డించే చెయ్యి వేరు నాకు.
నాలుగో రోజు అడిగేశాను.

అతను నవ్వలేదు. షట్టరు సగం దించి
భూతద్దం గొట్టానికి కన్ను ఆనించమన్నాడు.
మొదట నా కనురెప్ప వెంట్రుకలే కనబడ్డాయి.
తర్వాత, తేనెరంగులో, అంచులు గరుకుగా,
ఆవగింజలో పదో వంతైనా లేని సీతాఫలం.
"ఏలికపాము గుడ్డు" అన్నాడు.
"ఎవరిది?"
"పేరు చెప్పకూడదు."
"నా దగ్గర తిన్నవాళ్ళా?"
"ఎక్కడ తిన్నారో గుడ్డు చెప్పదు కదమ్మా."

"ఉప్పు నీళ్ళు? పసుపు?"
"వాటికి చావదు. ఉడికితే చస్తుంది.
లేదంటే మంచినీళ్ళ ధార కింద రుద్ది కడుగు,
చావకపోయినా జారిపోతుంది."

ఆ రాత్రి మూకుడు తోముతూ అనుకున్నాను:
బజ్జీ కాగే నూనెలో మునిగి లేచింది,
దాని నెత్తినెక్కి కూర్చున్న ఆకు మాత్రం
పొయ్యి మొహం చూడలేదు.
ఇన్నేళ్ళూ నేను మంటకే కాపలా కాశాను.

తెల్లారి ఐదుకే గట్టుమీదికి పోయాను.
కాలవలు కట్టేసి పన్నెండు రోజులు.
పారకం లేదు, గుంటలు గుంటలుగా పచ్చటి నిలవ.
పక్కన మురుగుతూము. ఇవతల గేదెలు. అవతల చెంబులవాళ్ళు.
మధ్యలో మోకాళ్ళ లోతున పేర్రాజు,
లంక నుంచి తెచ్చిన కొత్తిమీర కట్టల్ని
పిల్లాడికి తలంటినట్టు ముంచి, విదిలించి,
సైకిలు క్యారేజీకి కడుతున్నాడు.

"ఈ నీళ్ళలోనా పేర్రాజూ?"
నడుం సవరించుకుని చూశాడు.
"వేళ్ళకి మట్టుంటే పక్కన పారేసేది మీరే కదా.
కిందటేడు నువ్వే అన్నావ్,
మట్టికి కూడా డబ్బులా అని."

అన్నాను. నిజమే.
తడిసి మెరిసేదే శుభ్రమైన ఆకని
ధర కట్టింది నేనే.

"రేపట్నించి మట్టితోనే తే.
కట్టకి రూపాయి ఎక్కువిస్తా."
అతనికది వేళాకోళంలా తోచింది.

ఇప్పుడు బండి కింద ఇంకో డ్రమ్ము, దానికో కొళాయి.
వేళ్ళు కోసి, కట్ట విప్పి,
కాడ కాడా ధార కింద రుద్దుతాను.
ఉల్లిపాయ పై పొరలు వలిచి కడిగాకే కత్తి పెడతాను,
ఆ కత్తి కూడా వేరే.
మంచినీళ్ళ క్యాన్లకే రోజుకి అరవై.
వేళ్ళ సందులు నానిపోయి తెల్లబడ్డాయి.
ఆదివారం జనం విరగబడితే
మూడో కడుగు ఎగ్గొట్టాలనిపిస్తుంది.
ఒకసారి ఎగ్గొట్టాను కూడా.
ఆ రాత్రి కలనిండా సీతాఫలాలు.

"కొత్తిమీర ఘాటు తగ్గిందేంటి రత్నం" అంటారు కొందరు.
ఊరుకుంటాను.

నిన్న ప్రభుదాసు వచ్చాడు.
వంగి డ్రమ్ము చూశాడు, కొళాయి తిప్పి కట్టాడు,
ఏమీ అనలేదు.
"ఉత్తదేనా?" అన్నాను.
కాసేపు ఆలోచించి
"కొత్తిమీర కొంచెం వెయ్యి" అన్నాడు.

పేర్రాజు కట్టలు గోనె మీద ఉన్నాయి,
వేళ్ళనిండా లంక ఒండ్రుతో.